యంత్రాల్లో దాచుకున్న పాత పాటలు

పోయిన సంచికలో ఈ శతాబ్దం మొదటి పదేళ్ళలో వచ్చిన డాన్స్, ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల గురించి ఒక పేజీ రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు కోప్పడ్డారు, కొందరు ఇంకా పేర్లు చెప్పమన్నారు. అన్నిటికీ చోటు సరిపోదు కాబట్టి ఎక్కువమంది మనసులో ఉన్న ప్రశ్నలు తీసుకున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు, అందుకే ఎవరివీ వేయడం లేదు.

"సార్, మీరు అంతగా మెచ్చుకున్నారని మూడు ఆల్బమ్‌లు పూర్తిగా విన్నాను. ఏమీ ఎక్కలేదు. గంటసేపు ఒకటే దెబ్బ, ధన్ ధన్ ధన్ ధన్. వాయించే మనిషి లేడు, పాడే మనిషి ఉన్నా గొంతు రోబోలా ఉంది. యంత్రానికి మనసెక్కడిది?" అని ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు అడిగారు.

మాస్టారూ, ముందు మీ ఓపికకు దండం. నచ్చని సంగీతాన్ని మూడు ఆల్బమ్‌ల పాటు కూర్చుని వినేవాళ్ళు ఎంతమంది ఉంటారు!

ఒకటే దెబ్బ అన్న మాట నిజమే. మీరు విన్న ఈ రకం డాన్స్ సంగీతాన్ని హౌస్ అంటారు, అది నిమిషానికి 120 నుంచి 130 దెబ్బల వేగంతో నడుస్తుంది, నాలుగు లెక్కల్లో ప్రతి లెక్క మీదా కిక్ డ్రమ్, అంటే ఆ ధన్ మనే అడుగు దెబ్బ, పడుతుంది, పాటంతా అలాగే. కానీ కచేరీలో తంబురా కూడా మొదటి నుంచి చివరిదాకా అదే మోగుతుంది కదండీ, తంబురా విసుగు పుట్టించిందని ఎవరూ లేచి వెళ్ళిపోరు, ఎందుకంటే మనం వినేది దాన్ని ఆనుకుని జరిగేదాన్ని. ఇక్కడ కిక్ చేసే పని అదే. ఈసారి వినేటప్పుడు దాని సంగతి కాళ్ళకు వదిలేసి, దాని మీద ఏం వచ్చి చేరింది, ఏం తప్పుకుంది అని చూడండి. ఎనిమిది ఆవర్తాలకో పదహారు ఆవర్తాలకో ఒకసారి ఏదో ఒకటి కదులుతుంది. ఒక కంచు తాళం మోత కాస్త విచ్చుకుంటుంది, ఒక గొంతు ముక్క కలుస్తుంది, బాస్ కాసేపు మాయమవుతుంది. ఆ చిన్న కదలికల్లోనే కథంతా ఉంటుంది.

మీరు విన్న మూడింటిలో డాఫ్ట్ పంక్ 'డిస్కవరీ' ఉందని రాశారు కాబట్టి దాన్నే తీసుకుందాం. 2001లో వచ్చింది, చేసింది పారిస్‌కు చెందిన ఇద్దరు, టోమా బాంగల్టేర్, గీ-మాన్యుయెల్ ద ఓమెమ్-క్రిస్టో. మొదటి పాట 'వన్ మోర్ టైమ్' ఇంకొకసారి పెట్టండి. బాకాల లాంటి ఒక ముక్క గోడ అవతల నుంచి వస్తున్నట్టు మొదలవుతుంది. పై స్వరాలన్నీ ఫిల్టర్‌తో కత్తిరించేశారు, మెల్లగా వాటిని వదులుతారు, అంటే మూసిన తలుపు ఎవరో తీస్తున్నట్టు ఉంటుంది. తలుపు పూర్తిగా తెరుచుకున్నాక కిక్ పడుతుంది. కిక్ పడిన ప్రతిసారీ మిగతా శబ్దమంతా ఒక్క క్షణం అణిగి మళ్ళీ పైకి లేస్తుంది, గమనించండి, పాట ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. అది కంప్రెసర్ అనే పరికరాన్ని కావాలని అతిగా వాడటం వల్ల వచ్చిన గుణం. ఆ తర్వాత పాట మధ్యలో ఆ కిక్కే పోతుంది. చాలాసేపు ఉత్త గొంతు, వెనక కలిసి మోగే కాసిని స్వరాలు, అంతే. డాన్స్ పాటలో డాన్స్ ఆపేసి అంతసేపు నిలబెట్టడం చిన్న ధైర్యం కాదు. అది తిరిగొచ్చినప్పుడు, మీరు విసుక్కున్న ఆ ధన్ ధన్ కోసమే ఎదురుచూస్తూ ఉన్నానని మీకే తెలుస్తుంది.

రోబో గొంతు అన్నారే, అది రోమాంథనీ అనే అమెరికన్ గాయకుడిది. 1997లో వచ్చిన ఆటో-ట్యూన్ సాఫ్ట్‌వేర్ శ్రుతి తప్పిన చోట్ల సరిచేయడానికి పుట్టింది, వీళ్ళు దాన్నే ఒక వాద్యంలా వాడారు. అదే మనిషి అదే ఆల్బమ్ చివర 'టూ లాంగ్' అనే పది నిమిషాల పాట పాడాడు, అది వింటే ఆ గొంతులో చర్చి పాటల వేడి ఎంత ఉందో తెలుస్తుంది.

ఇక మనసు సంగతి. వీళ్ళిద్దరూ 1974, 75లలో పుట్టినవాళ్ళు. తమ చిన్నతనంలో, అంటే 1975 నుంచి 85 దాకా విని మురిసిన శబ్దాలను తిరిగి పట్టుకునే ప్రయత్నమే ఈ ఆల్బమ్ అని వాళ్ళే చెప్పుకున్నారు. 'డిజిటల్ లవ్' పాట 1979లో జార్జ్ డ్యూక్ చేసిన ఒక పాట ముక్క మీద నిలబడింది. 'హార్డర్, బెటర్, ఫాస్టర్, స్ట్రాంగర్' అదే ఏడు వచ్చిన ఎడ్విన్ బర్డ్‌సాంగ్ పాట నుంచి పుట్టింది. అంతటితో ఆగలేదు, ఆల్బమ్ మొత్తానికి బొమ్మల సినిమా తీయించాలనుకున్నప్పుడు జపాన్ వెళ్ళి లెయిజీ మత్సుమోతోను అడిగారు. చిన్నప్పుడు ఫ్రాన్స్‌లో టీవీ ముందు కూర్చుని ఆయన కార్టూన్లు చూసిన పిల్లలే వీళ్ళు. 2003లో ఆ సినిమా 'ఇంటర్‌స్టెల్లా 5555' వచ్చింది. మీకు ఇనుప మోతలా వినిపించిన దాని వెనక ఇద్దరి బాల్యం ఉంది మాస్టారూ. నాకు ఈ కాలపు ఆల్బమ్‌లంటే ఇంత ఇష్టం కలగడానికి కారణమూ అదే. కొత్త యంత్రాలు చేతికొచ్చిన తొలినాళ్ళలో వీళ్ళు వాటితో చేసిన మొదటి పని పాత పాటలను వెతుక్కోవడం.

"హౌస్, టెక్నో, ట్రాన్స్, గరాజ్, డబ్‌స్టెప్… ఇన్ని పేర్లెందుకు? తేడా ఏంటి? ఒక్క ముక్కలో చెప్పండి అన్నా" అని ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు.

ఒక్క ముక్కలో అవదు తమ్ముడూ, నాలుగు ముక్కల్లో చెప్తాను. హౌస్ 1980ల తొలి ఏళ్ళలో షికాగోలో పుట్టింది, డిస్కోకి బిడ్డ లాంటిది, అందుకే అందులో పాట, పియానో, గొంతు ఎక్కువ. టెక్నో డెట్రాయిట్‌ది, హ్వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు స్నేహితులతో గట్టిపడింది, పాట తక్కువ, యంత్రపు నడక ఎక్కువ. ట్రాన్స్‌లో మెలోడీ పొంగుతూ పైకి వెళ్తుంది. గరాజ్ అంటే ఇక్కడ నా ఉద్దేశం లండన్ గరాజ్, అందులో నాలుగు లెక్కల్లో కొన్నిటి మీద కిక్ ఎగిరిపోయి నడక కుంటుతున్నట్టు, తుళ్ళుతున్నట్టు ఉంటుంది. దాన్ని చీకటిగా, బాస్ బరువుగా చేస్తే దక్షిణ లండన్‌లో డబ్‌స్టెప్ అయింది, లెక్కకు వేగం 140 దగ్గరే అయినా నడక అందులో సగమే అన్నట్టు వినిపిస్తుంది. ఈ పేర్లు బట్టీ పట్టకు. విన్నాక వాటంతటవే గుర్తుంటాయి.

"ఫోన్‌లో పెట్టుకుని వంట చేస్తూ వింటాను. అందరూ బాస్ బాస్ అంటారు, నాకైతే టిక్కుటిక్కు తప్ప ఏమీ వినపడదు. నా చెవుల్లో లోపమా?" అని ఒక గృహిణి రాశారు.

మీ చెవులు బంగారం, లోపం ఫోన్ స్పీకర్‌ది. బాస్ గిటార్ అడుగు తీగ మోగేది దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర, వేలిగోరంత స్పీకర్ అంత కిందికి దిగలేదు, పైనుండే తాళాల మోత మాత్రమే వదులుతుంది. డాన్స్ సంగీతంలో సగం పాట కింద ఉంటుంది కాబట్టి మీరు ఇన్నాళ్ళూ సగం పాటే విన్నారు. ఖరీదైనవి అక్కర్లేదు, చెవిలో బిగుతుగా కూర్చునే మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. వాటితో నార్వేకి చెందిన రాయ్‌క్సాప్ జంట 2001లో చేసిన 'మెలోడీ ఏ.ఎం.' వినండి. మెత్తగా ఉంటుంది, పనిలో అడ్డురాదు. అందులోని 'ఎప్లె' అనే చిన్న వాద్య సంగీతం పేరుకు వాళ్ళ భాషలో యాపిల్ అని అర్థం, తర్వాత యాపిల్ కంపెనీయే తన కంప్యూటర్ల స్వాగత వీడియోకి దాన్ని వాడుకుంది.

"శాంపిలింగ్ అని అందమైన పేరు పెట్టారు గానీ అది దొంగతనమే కదా? వేరేవాళ్ళ పాట కోసి అతికించి నాది అనడం కళ ఎలా అవుతుంది? నేనూ వాయించేవాడినే, పదిహేనేళ్ళు సాధన చేశాను, అందుకే అడుగుతున్నాను" అని ఒక వయొలిన్ కళాకారుడు.

మీ కోపం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఆ కోపం న్యాయస్థానాల్లోనూ వినిపించింది. 1991లో అమెరికాలో ఒక ర్యాప్ కళాకారుడి మీద వేసిన కేసులో జడ్జి 'దొంగిలించకూడదు' అనే బైబిల్ ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టాడు. 2005లో ఇంకో కోర్టు, ముక్క ఎంత చిన్నదైనా సరే లైసెన్స్ తీసుకోండి లేదా శాంపిల్ చేయకండి అని తేల్చేసింది. జర్మనీలో క్రాఫ్ట్‌వెర్క్ అనే ఎలక్ట్రానిక్ బృందం వాళ్ళ 1977 నాటి పాటలోంచి తీసుకున్న రెండు సెకన్ల డ్రమ్ ముక్క మీద కేసు ఇరవై ఏళ్ళు దాటి నడిచింది. రెండు సెకన్లు!

అడగకుండా, డబ్బివ్వకుండా, పేరు వేయకుండా వాడుకోవడం తప్పే. ఇందులో నాకు రెండో మాట లేదు. ఎవరో ఒకరు గిటార్ పట్టుకుని వాయించారు, వాళ్ళకు అన్నం పెట్టాలి కదా. పైన చెప్పిన ఎడ్విన్ బర్డ్‌సాంగ్‌ పేరు డాఫ్ట్ పంక్ పాట రచయితల్లో ఉంది, అలాగే ఉండాలి కూడా.

కానీ కళ కాదు అన్న దగ్గర నేను మీతో కలవలేను. ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో ది అవలాంచెస్ అనే బృందం ఉంది. రాబీ చేటర్, డారెన్ సెల్ట్‌మన్ అనే ఇద్దరు పాత సామాన్ల దుకాణాల్లో ఎవరికీ అక్కర్లేని రికార్డులు ఏరుకొచ్చి, వాటిలోంచి ముక్కలు తీసి 2000 చివర్లో 'సిన్స్ ఐ లెఫ్ట్ యూ' అనే ఆల్బమ్ తెచ్చారు. ఆ ముక్కలు మూడున్నర వేల దాకా ఉంటాయన్న లెక్క బాగా ప్రచారంలో ఉంది. ఎక్కడిదో ఫ్లూటు, ఎవరిదో నవ్వు, గుర్రం సకిలింపు, హాస్య నాటకాల రికార్డులో ఒక మాట, మడోనా 'హాలిడే' పాటలోని బాస్, అది కూడా అనుమతి తీసుకునే. వీటిలో ఏ రెండూ ఒక గదిలో రికార్డయినవి కావు, ఒక శ్రుతిలో లేవు, ఒక వేగంలో లేవు. వాటిని లాగి, కుదించి, శ్రుతి కలిపి, ఒకదాని తోకను ఇంకోదాని తలకు ఎక్కడ కుట్టారో తెలియకుండా ఒక గంట పాటు నడపడం మీరు అన్న పదిహేనేళ్ళ సాధనకు తక్కువేమీ కాదు. వయొలిన్ మీద వేలు ఎక్కడ పడాలో మీ చెవి చెప్పినట్టే, ఆ ముక్కను ఎక్కడ కోయాలో వాళ్ళ చెవి చెప్తుంది. ఆ తర్వాతి ఆల్బమ్ రావడానికి పదహారేళ్ళు పట్టింది, 2016లో గానీ రాలేదు.

మీలాంటివాళ్ళకు ఇంకొకటి చెప్పాలని ఉంది. స్వీడన్‌కు చెందిన ఆక్సెల్ విల్నర్, ది ఫీల్డ్ అనే పేరుతో 2007లో 'ఫ్రమ్ హియర్ వుయ్ గో సబ్‌లైమ్' తెచ్చాడు. అందులో 'ఏ పా ఇన్ మై ఫేస్' అని ఒకటుంది. గిటార్ శబ్దాన్ని ఎంత సన్నగా తరిగాడంటే అది గిటార్ అని కూడా తెలియదు, ఒక మెరుపు లాంటి ముక్క కిక్ మీద అలా తిరుగుతూ ఉంటుంది, నిమిషాల తరబడి, మారుతుందా లేదా అన్నట్టు. నేను మొదటిసారి సగంలోనే ఆపేశాను. చాలా నెలల తర్వాత పూర్తిగా విన్నాను. చివరి సెకన్లలో అతను ఆ ముక్క చుట్టూ పట్టిన పిడికిలి విప్పుతాడు, గిటార్ పూర్తిగా బయటికి వస్తుంది. లయొనెల్ రిచీ 'హలో' పాటది! ఎంతో పాత, అందరికీ తెలిసిన ప్రేమ పాట. ఇంతసేపూ కళ్ళ ముందే ఉండి, ఎవరో తెలియకుండా తిరిగిన మనిషి వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి ముఖం చూపించినట్టు ఉంటుంది. అప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, వెంటనే మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాను. దాన్ని దొంగతనం అని నేను అనలేను సార్.

"'అన్‌ట్రూ' విన్న రాత్రి నిద్ర పట్టలేదు. మాటలు సరిగ్గా అర్థం కాలేదు, అయినా ఏడుపొచ్చింది. డాన్స్ సంగీతానికి ఏడవడం ఏంటి అని ఫ్రెండ్స్ నవ్వారు. మీకేమైనా తెలుసా?" అని హాస్టల్లో ఉండే అమ్మాయి రాసింది.

తెలుసమ్మా. నువ్వొక్కదానివే కాదు, ఆ ఆల్బమ్ చాలామందికి అలాగే తగిలింది.

బరియల్ అనే పేరుతో దక్షిణ లండన్ కుర్రాడు ఒకడు 2007 నవంబర్‌లో దాన్ని తెచ్చాడు, హైపర్‌డబ్ అనే చిన్న లేబుల్ మీద. అప్పటికి అతనెవరో ఎవరికీ తెలియదు. ఫొటో లేదు, కచేరీ లేదు. మరుసటి ఏడు ఆల్బమ్, బ్రిటన్‌లో ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాకు ఎక్కాక, పత్రికలు వెంటపడితే, 2008 ఆగస్టులో తన పేరు విలియం బెవన్ అని తనే చెప్పేశాడు. చెప్పాక కూడా వేదిక ఎక్కలేదు.

ఆ దుఃఖం ఎక్కడి నుంచి వస్తుందంటే, నాకు అర్థమైనంతవరకు, మూడు చోట్ల నుంచి. గొంతులు ఒకటి. 'ఆర్క్‌ఏంజెల్' పాటనే చూడు, ఒక అమెరికన్ ఆర్ అండ్ బీ పాటలోంచి తీసిన గొంతు, దాన్ని ఒక మాటలో పైకి, ఇంకో మాటలో కిందికి లాగాడు, పాడేది ఆడో మగో తెలియదు, ఒకే మనిషి తనతో తను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. మాట పూర్తవకుండానే తెగిపోతుంది. అందుకే నీకు అర్థం కాలేదు, అర్థం కాకపోయినా ఒకరు ఒకర్ని పిలుస్తున్నారని మాత్రం తెలిసింది.

రెండోది ఆ చప్పుళ్ళు. వాన, పాత రికార్డు మీద ముల్లు గీసుకునే చిటపట, తాళంచెవుల గలగల. ఒక వీడియో గేమ్‌లో తూటా తొడుగులు నేల మీద రాలే శబ్దాన్ని కూడా అతను డ్రమ్ముల్లో వాడాడు. అందరూ శబ్దాన్ని కడిగి శుభ్రం చేసే కాలంలో ఇతను దుమ్ము తెచ్చి పోశాడు. పైగా డ్రమ్ములు గీత గీసినట్టు పడవు. మామూలుగా ఈ సంగీతం చేసేవాళ్ళు సీక్వెన్సర్ అనే గళ్ళ కాగితం లాంటి దాని మీద దెబ్బలు పేరుస్తారు. ఇతను సౌండ్ ఫోర్జ్ అనే మామూలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, తెర మీద కనిపించే అలల ఆకారం చూసుకుంటూ కంటి లెక్కన అతికించాడు. దానివల్ల ప్రతి దెబ్బా వెంట్రుకంత అటో ఇటో పడుతుంది, నడిచే మనిషి అడుగు తడబడినట్టు.

మూడోది నన్ను ఎక్కువ కదిలించేది. 1990ల మొదట్లో ఇంగ్లండ్‌లో పెద్ద పెద్ద రేవ్‌లు జరిగేవి, పాడుబడ్డ గోదాముల్లో, పొలాల్లో, వేలమంది తెల్లవారే దాకా ఆడేవాళ్ళు. 1994లో ప్రభుత్వం చట్టం తెచ్చి వాటి మీద ఉక్కుపాదం మోపింది. బరియల్ తన ఇంటర్వ్యూల్లో చెప్పిందేమంటే, తను అలాంటి రేవ్‌కి ఎప్పుడూ వెళ్ళలేదు, అన్నలు చెప్పిన కథలు, అన్నలు తెచ్చిన పాటలు, అంతే. తను పుట్టక ముందు ఆగిపోయిన పెళ్ళి సందడి గురించి ఇంట్లో విని, ఆ ఖాళీ పందిట్లో ఒక్కడే నిలబడ్డ పిల్లాడిలా అనిపిస్తాడు నాకు. ఆడిన నేల మిగిలింది, ఆడినవాళ్ళు లేరు. డాన్స్ సంగీతానికి ఏడుపేంటి అని నవ్వినవాళ్ళకు ఈ ఒక్క మాట చెప్పు.

"నాకు నలభై ఏడు. ఈ వయసులో ఇవన్నీ వింటుంటే ఇంట్లో పిల్లలు అదోలా చూస్తున్నారు. ఇది కుర్రకారు సంగీతమేనా?" అని ఒక బ్యాంకు ఉద్యోగి.

కాదండీ. మీకోసమే ఒక పాట ఉంది. ఎల్‌సీడీ సౌండ్‌సిస్టమ్ అనే అమెరికన్ బృందాన్ని నడిపే జేమ్స్ మర్ఫీ 2002లో 'లూజింగ్ మై ఎడ్జ్' చేశాడు. వయసు మీద పడుతున్న ఒక డీజే, తన కంటే చిన్నవాళ్ళు తనకంటే బాగా పాత రికార్డులన్నీ తెలుసుకుని వచ్చేస్తున్నారని భయపడుతూ, నేను అక్కడున్నాను, ఇక్కడున్నాను అని చెప్పుకుంటూ పోతాడు. 1968లో జర్మనీలోని కొలోన్‌లో కాన్ అనే రాక్ బృందం మొదటి ప్రదర్శనలోనూ ఉన్నానంటాడు, మర్ఫీ పుట్టిందే 1970లో. చివరికి బృందాల పేర్లు వరుసగా అరుస్తాడు. భయం, గొప్పలు, ప్రేమ అన్నీ కలిసిపోయిన పాట. 2005లో మొదటి ఆల్బమ్ వచ్చేటప్పటికి మర్ఫీకి ముప్పై అయిదు దగ్గర పడ్డాయి, దాని రెండో డిస్క్‌లో ఈ పాట ఉంది. 2007 నాటి 'సౌండ్ ఆఫ్ సిల్వర్' ఇంకా గొప్పది, అందులో 'ఆల్ మై ఫ్రెండ్స్' కింద ఒకే పియానో ముక్క కాస్త కాలు తడబడుతూనే ఏడు నిమిషాలకు పైగా ఆగకుండా మోగుతుంది. మీ వయసువాళ్ళకు అది ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది.

"మీ జాబితాలో అందరూ మగవాళ్ళే, అందరూ యూరప్, అమెరికాల వాళ్ళే. ఇంకెవరూ చేయలేదా?" అని ఒక పరిశోధక విద్యార్థిని గట్టిగానే అడిగారు.

మీరన్నది న్యాయం, ఆ పేజీలో నేను చేసిన పొరపాటు అది. సరిదిద్దుకుంటాను.

ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ 2001 ఆల్బమ్ 'వెస్పర్‌టైన్' తీసుకోండి, హార్ప్, సంగీత పెట్టెలు, వాటి కింద పేకముక్కలు కలిపే చప్పుడు లాంటి ఇంటి శబ్దాలతో చేసిన తాళాలు. పక్కన కూర్చుని గుసగుసలాడినట్టుంటుంది. బెర్లిన్‌లో ఎలెన్ అలియన్ సొంత లేబుల్ నడుపుతూ 2003లో 'బెర్లినెట్' చేసింది. స్వీడన్‌లో కరిన్ ద్రైయర్, తమ్ముడు ఓలోఫ్‌తో కలిసి ది నైఫ్ పేరుతో 2006లో 'సైలెంట్ షౌట్' తెచ్చింది, తన గొంతును తనే రకరకాలుగా వంచి, ముసలివాడిలా, పిల్లలా, ఇంకేదో జీవిలా పాడింది.

ఇక ఎం.ఐ.ఏ. అనే గాయని. శ్రీలంక తమిళ కుటుంబం, లండన్‌లో పుట్టి, చిన్నతనం శ్రీలంకలో గడిపి, మళ్ళీ లండన్ చేరింది. మొదటి ఆల్బమ్ 'అరుళర్' 2005లో, తండ్రి పేరు మీద. రోలాండ్ ఎంసీ-505 అనే ఒక్క పెట్టె మీద దాని తొలి పాటలు కట్టింది. రెండోది 2007లో 'కాలా', తల్లి పేరు మీద. అమెరికా వీసా దొరక్క చిక్కుపడి, ఉన్న చోట ఆగకుండా ఇండియా, ట్రినిడాడ్, లైబీరియా, జమైకా తిరుగుతూ రికార్డు చేసింది. చెన్నైలో పట్టిన ఉరుమి వాద్యాల మోత 'బర్డ్ ఫ్లూ' పాటలో వినండి, కింద రాసుకుని వాయించే ఆ మూలుగు శబ్దం ఏ యంత్రమూ చేయలేదు. మొదటి పాట 'బాంబూ బంగా'లో ఇళయరాజా 'దళపతి' పాట తొంగి చూస్తుంది. 'జిమ్మీ' అయితే బప్పీ లాహిరి 'డిస్కో డాన్సర్' పాటకే కొత్త రూపం. మన చెవికి తెలిసిన పాట లండన్ క్లబ్ బాస్ మీద వచ్చినప్పుడు కలిగే ఆ ఆశ్చర్యం, అది వాళ్ళకంటే మనకే ఎక్కువ దక్కుతుంది. డాఫ్ట్ పంక్ జార్జ్ డ్యూక్‌ను గుర్తుచేసుకున్నట్టే ఈమె బప్పీదాను గుర్తుచేసుకుంది.

"ఇవి చేయాలంటే పెద్ద స్టూడియో కావాలా?" అని ఇంటర్ చదివే అబ్బాయి.

అక్కర్లేదు. ఈ కాలం ప్రత్యేకతే అది. 2000లో రీజన్, 2001లో ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లు వచ్చాయి, అంతకుముందు గది నిండా ఉండాల్సిన పరికరాలు ఒక కంప్యూటర్‌లో చేరిపోయాయి. బరియల్ వాడిన సాఫ్ట్‌వేర్ సంగతి పైన రాశాను, అది మామూలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే. ఉన్నదానితో మొదలుపెట్టు. మొదట నీకు బాగా ఇష్టమైన పాత పాటలోంచి రెండు సెకన్లు కోసి, అది తిప్పి తిప్పి విను. బయటికి వదలాలనుకున్నప్పుడు మాత్రం అనుమతి సంగతి మర్చిపోకు.

"అవార్డులు చూసి ఎంచుకోవచ్చా?" అని ఒకరు.

కొంతవరకే. గ్రామీ వాళ్ళు ఉత్తమ ఎలక్ట్రానిక్, డాన్స్ ఆల్బమ్ అనే బహుమతి మొదటిసారి ఇచ్చిందే 2005లో, లండన్ జంట బేస్‌మెంట్ జాక్స్ 'కిష్ క్యాష్'కి. మంచి ఆల్బమే, నాకు వాళ్ళ 2001 నాటి 'రూటీ' ఇంకా ఇష్టం. అంటే 'డిస్కవరీ' వచ్చినప్పుడు ఇవ్వడానికి ఆ బహుమతే లేదు.

"ఇవన్నీ వినే తీరిక నాకు లేదు. ఒక్కటి చెప్పండి, ఒక్కటే. ఎలా వినాలో కూడా చెప్పండి" అని రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సు.

'సిన్స్ ఐ లెఫ్ట్ యూ'. రెండో ఆలోచన లేదు.

వినే ముందు యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి షఫుల్ ఆపేయండి, పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకుండా చేసే గ్యాప్‌లెస్ ఉంటే ఆన్ చేయండి, ఎందుకంటే ఈ ఆల్బమ్‌లో ఒక పాట ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో చెప్పలేం, మధ్యలో అర సెకను నిశ్శబ్దం పడినా దారం తెగినట్టు ఉంటుంది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేటప్పుడు పెట్టుకోండి, గంటే కదా. దారి గంట కంటే తక్కువైతే మిగిలింది ఇంటికెళ్ళి పడుకుని వినండి గానీ మర్నాటికి దాచొద్దు. ఆల్బమ్ పేరులో ఉన్న ఆ మాటే చివరి పాటలో ఇంకెవరిదో పాత గొంతులో తిరిగొస్తుంది, మొదటి పాట ఇంకా చెవిలో ఉండగానే అది వినాలి.